బొమ్మలమ్మ గుట్టకు హద్దులు తేల్చండి

సంపాదకుడికి,

నమస్కారం. కరీంనగర్ జిల్లా గంగాధర మండలం కురిక్యాల దగ్గరి బొమ్మలమ్మ గుట్ట గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. గుట్ట బండ మీద జైన దేవత చక్రేశ్వరి, తీర్థంకరుల శిల్పాలున్నాయి. అక్కడే జినవల్లభుడు సుమారు 945లో వేయించిన శాసనం ఉంది. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఒకే బండ మీద కనిపిస్తాయి. తెలుగు భాగంలో ఉన్నవి కంద పద్యాలు, నన్నయకు దాదాపు వందేళ్ల ముందటివి! ఇప్పటిదాకా దొరికిన తెలుగు కందాల్లో ఇవే మొదటివంటారు.

ఈ జినవల్లభుడు కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు. వాళ్ల పూర్వీకులది గుంటూరు వైపు వంగిపర్రు. తండ్రి భీమపయ్య కాలంలో ఆ బ్రాహ్మణ కుటుంబం జైనంలోకి వచ్చింది. అన్న పంపడు వేములవాడ చాళుక్యరాజు రెండో అరికేసరి కొలువులో ఉండి, 941లో మొదటి తీర్థంకరుడి కథను 'ఆదిపురాణం'గా రాశాడు. రాజు అతనికి ధర్మపురం అగ్రహారంగా ఇచ్చాడు. తమ్ముడేమో ఇక్కడ త్రిభువనతిలక బసది (జైన గుడి) కట్టించాడు, మదనవిలాసమనే తోట వేయించాడు, ఒక చెరువు తవ్వించి దానికి అన్న బిరుదైన 'కవితాగుణార్ణవం' అని పేరు పెట్టాడు. ఎంత ప్రేమ ఉంటే ఆ పేరు పెడతాడు! తర్వాత అదే వంశపు బద్దెగరాజు వేములవాడలో జైన పండితుడు సోమదేవసూరి కోసం శుభధామ జినాలయం కట్టించాడు. 966లో మూడో అరికేసరి దానికి ఒక ఊరినే రాసిచ్చాడు. రాష్ట్రకూటులకు సామంతులైన చిన్న రాజులు వీళ్లు. అయినా మూడు భాషల కవులూ పండితులూ వాళ్ల నీడన బతికారు.

ఇంత విలువైన చోటు గ్రానైట్ జిల్లాలో ఉండటమే నా టెన్షన్. కరీంనగర్ చుట్టూ ఎన్ని గుట్టలు కరిగిపోయాయో ఇక్కడి వాళ్లందరికీ తెలుసు. శాసనమున్న బండ ఒక్కదాన్ని వదిలేస్తే చాలదు. పక్కన పేలుళ్లు జరిగితే ఆ అదురుకు వెయ్యేళ్ల నాటి రాయి పగుళ్లిస్తుంది, అక్షరాలు పెచ్చులూడతాయి. పోయిన అక్షరాన్ని మళ్లీ ఎవరూ చెక్కలేరు.

అందుకే రెవెన్యూ, గనులు, పురావస్తు శాఖలు కలిసి సర్వే చేయాలి. గుట్ట చుట్టూ తగినంత దూరం వరకు హద్దు రాళ్లు పాతాలి. ఆ హద్దు లోపల ఏ రోజూ క్వారీ లీజు ఇవ్వబోమని ప్రభుత్వం జీవో ఇవ్వాలి. పైకి ఎక్కడానికి మెట్లు, పట్టుకోవడానికి రెయిలింగు కావాలి. పద్యాల పాఠం, వాటి అర్థం నేటి తెలుగులో రాసిన బోర్డు కింద పెట్టాలి. శాసనం అచ్చు నకలు ఒకటి వేములవాడలో ఉంచితే, రాజన్న దర్శనానికి వచ్చే లక్షల మంది భక్తులు కూడా చూస్తారు. వీటిలో హద్దుల పని మాత్రం ముందు జరగాలి, మిగతావి ఆరు నెలలు ఆలస్యమైనా ఫరవాలేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు, కరీంనగర్