ఎస్మా ప్రయోగించే ముందు: కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ కార్మిక శాఖ మంత్రి గారికి నమస్కారములు.

2023 డిసెంబరు 12న మొదలైన అంగన్‌వాడీ కార్యకర్తల, ఆయాల సమ్మె 42 రోజులు సాగింది. 26వ రోజున, అంటే 2024 జనవరి 6న, అప్పటి ప్రభుత్వం వారి పనిని అత్యవసర సేవల కిందికి తెచ్చి, ఆరు నెలల పాటు సమ్మెను నిషేధిస్తూ ఎస్మా (అత్యవసర సేవల నిర్వహణ చట్టం) ప్రయోగించింది. ఆ ఉత్తర్వు మీ ప్రభుత్వం ఇచ్చినది కాదు. అయితే దానికి ఆధారమైన 1971 నాటి చట్టం రేపు ఎవరి చేతికైనా అందుతుంది కనుక ఈ లేఖ మీకు రాస్తున్నాను.

అంతకు ముందు రోజు వరకు ఆ మహిళలు ప్రభుత్వ లెక్కలో ఉద్యోగులే కారు. కార్యకర్తకు నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000 ఇచ్చి, దానిని జీతం అనకుండా గౌరవ వేతనం అన్నారు (అందులో గౌరవం పాలు ఎంతో ఇచ్చినవారే చెప్పాలి). సమ్మెకు దిగాక మాత్రం వారు అత్యవసరమయ్యారు. వారి కోర్కెలలో గ్రాట్యుటీ ఒకటి. గ్రాట్యుటీ చట్టం అంగన్‌వాడీలకు వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లోనే తీర్పు చెప్పింది. కోర్టు తేల్చిన విషయం కోసం కూడా ఏడాదిన్నర తరువాత రోడ్డెక్కవలసి వచ్చినప్పుడు, తప్పు సమ్మెదని అనడానికి నాకు నోరు రావడం లేదు.

అంగన్‌వాడీ కేంద్రం మూతపడితే ముందుగా నష్టపోయేది గర్భిణులు, బాలింతలు, పసిపిల్లలు. అది నేను కాదనను. ఆసుపత్రి అత్యవసర విభాగంలోనూ తాగునీటి సరఫరాలోనూ పని ఒక్క పూట కూడా ఆగకూడదని ఒప్పుకుంటాను. ప్రభుత్వోద్యోగులకు సమ్మె చేసే ప్రాథమిక హక్కు లేదని సుప్రీంకోర్టు 2003లో తమిళనాడు ఉద్యోగుల కేసులో అన్న సంగతీ తెలుసు. అయితే సమ్మెను తీసేసుకున్న ప్రభుత్వం దాని స్థానంలో ఏమిచ్చిందన్నదే నా ప్రశ్న. యజమానీ, నిషేధం విధించేదీ, చర్చలకు ఎప్పుడు పిలవాలో నిర్ణయించేదీ ఒకరే అయినప్పుడు, అవతలివారికి వినతిపత్రం తప్ప ఏమీ మిగలదు. పైగా ఎస్మా వచ్చాక కూడా సమ్మె మరో 16 రోజులు నడిచి, చర్చలతోనే ముగిసింది.

కాబట్టి ఆ చట్టానికి ఒక సవరణ కోరుతున్నాను. ఎస్మా ఉత్తర్వు వెలువడిన రోజే వివాదాన్ని స్వతంత్ర మధ్యవర్తికి అప్పగించాలి. ఆయన నిర్ణీత గడువులో తీర్పు ఇవ్వాలి. ఆ తీర్పు కార్మికులతో పాటు ప్రభుత్వానికీ శిరోధార్యం కావాలి. గడువు దాటితే నిషేధం దానంతటదే రద్దు కావాలి. ప్రాణాలతో నేరుగా ముడిపడని సేవల విషయంలో నిషేధానికి బదులు, సమ్మె రోజుల్లోనూ కనీస సేవలు అందేలా సంఘాలతో ముందే ఒప్పందం చేసుకోవచ్చు. అంగన్‌వాడీలో అది పిల్లల భోజనం, గర్భిణులకు ఇచ్చే పాలు, గుడ్లు.

రాబోయే శాసనసభ సమావేశాలలో ఈ సవరణను ప్రవేశపెట్టే ఉద్దేశం మీకు ఉన్నదీ లేనిదీ బహిరంగంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు
మనవరాలిని అంగన్‌వాడీకి పంపే ఒక తాత