లాగాఫ్ కొడితే రీస్టార్ట్ అవుతున్న సిస్టమ్‌ల గురించి, మన కస్టమర్లకు

ఈ నవంబరులో మన బ్రాడీపేట ఇంటర్నెట్ సెంటరుకి వచ్చి విసిగిపోయినవాళ్లకి సంగతి చెప్పాలి. ఒకరి పని అయ్యాక లాగాఫ్ కొడితే లాగిన్ స్క్రీన్ రావాలి. అది రాకుండా సిస్టమ్ మొత్తం ఆగి మళ్లీ మొదట్నుంచి లేచేది. ఇప్పుడు బాగయ్యాయి. ఈలోగా "ఆయన దగ్గరున్నవన్నీ డొక్కు సిస్టమ్‌లు" అని బయట ప్రచారం మొదలైంది. సిస్టమ్‌లకి ఏమీ కాలేదండీ.

రైల్వేవాళ్లూ మిగతా కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులూ జీవన్ ప్రమాణ్ (బతికే ఉన్నామని ఏటా ఇచ్చే డిజిటల్ సర్టిఫికెట్) కోసం వచ్చేది ఈ నవంబరులోనే కదా అని విజయవాడ డీలరు దగ్గర కొత్త వేలిముద్ర మిషన్లు తీసుకున్నాను. అవి తగిలించినప్పట్నుంచే ఈ గొడవ. ఫోన్ చేస్తే "మీ గుంటూరులో కరెంటు బాగోదండీ" అన్నాడు. యూపీఎస్ ఉందయ్యా అంటే ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్ లోపల కరెంటు అందించే డబ్బా) మార్చమన్నాడు. మార్చాను, నా డబ్బుతో. తర్వాత ఫార్మాట్ కొట్టమన్నాడు. అప్పుడిక ఒళ్లు మండింది.

నేనే ఈవెంట్ వ్యూయర్ (సిస్టమ్‌లో జరిగినవన్నీ విండోస్ రాసిపెట్టే చిట్టా) తెరిచి కూర్చున్నా. కెర్నల్ పవర్ 41 అని ఉంది. అందులో పవర్ అనే మాట పట్టుకునే ఆయన కరెంటు పాట పాడుతున్నాడు. కానీ 41 అంటే సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే. దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ (విండోస్ ఎందుకు కుప్పకూలిందో చెప్పే నంబరు) సున్నా ఉంటే కరెంటునో ఎస్‌ఎంపీఎస్‌నో అనుమానించొచ్చు. మాకు 209 ఉంది. హెక్సాలో, అంటే పదహారు అంకెల లెక్కలో రాస్తే, డీ1. అది ఎక్కువగా డ్రైవర్లు, అంటే మిషన్లని నడిపించే సాఫ్ట్‌వేర్లు, చేసే పాపం. అంటే వస్తున్నది బ్లూ స్క్రీనే, విండోస్ కుప్పకూలినప్పుడు కనిపించే నీలం తెర. విండోస్‌లో ఆటోమేటికల్లీ రీస్టార్ట్ అనే టిక్ ముందే పెట్టి ఉంటుంది కాబట్టి, మనం చదివేలోపే సిస్టమ్ తిరిగి లేస్తోంది. (మీ ఇంట్లోనూ ఇలా అవుతుంటే సిస్టమ్ ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్, స్టార్టప్ అండ్ రికవరీలోకి వెళ్లి ఆ టిక్ తీసేయండి.) తీసేసి లాగాఫ్ కొడితే నీలం తెర కదలకుండా నిలబడింది, వేలిముద్ర మిషను డ్రైవరు ఫైలు పేరుతో సహా. ఫొటో తీసి డీలరుకి వాట్సాప్ చేశా. నీలం టిక్కులు వచ్చాయి, జవాబు రాలేదు.

నాకు నిద్ర పట్టనివ్వంది మాత్రం ఇది కాదు. పెద్దవాళ్లు మెట్ల దాకా నిలబడి ఉంటే మా కుర్రాడు "అన్నా, లాగాఫే మానేద్దాం, అందరికీ ఒకటే అకౌంట్ తెరిచి పెడదాం" అన్నాడు. లాగాఫ్ లేకపోతే రీస్టార్టూ లేదు, నిజమే. కానీ మన దగ్గర ముందు మనిషి ఆధార్, పీపీవో (పింఛను చెల్లింపు ఉత్తర్వు) కాపీ, మూయకుండా వదిలేసిన మెయిల్, అన్నీ తుడుచుకుపోయేది ఆ లాగాఫ్‌తోనే. మానేస్తే మీ కాగితాలు మీ వెనక కూర్చున్నవాళ్ల చేతిలో ఉంటాయి. చాలా ఊగిసలాడాను. పైగా ఇంకో చిక్కు: తుడిచే పని మధ్యలో సిస్టమ్ పడిపోతే ఫైళ్లు మిగిలిపోతున్నాయి. అందుకే లాగాఫ్ మానలేదు, ప్రతి రీస్టార్టు తర్వాతా ఫోల్డర్లు నేనే ఖాళీ చేసి గానీ తర్వాతివాళ్లని కూర్చోబెట్టలేదు. ఆలస్యమంతా దానివల్లే. బేరం చాలావరకు పక్క సెంటర్లకి పోయింది. పోతే పోయింది. గార్డుగా రిటైరైన పెద్దాయన ఒకరు "ఏమయ్యా, స్టేషను స్టేషనుకీ ఇంజను మారుస్తున్నావే" అని అందరి ముందూ అన్నారు. నవ్వాను గానీ, గట్టిగానే తగిలింది.

ఆ మిషన్లు పీకేసి, డ్రైవరు అన్‌ఇన్‌స్టాల్ చేశాక రీస్టార్టులు లేవు. డబ్బు వాపసు వచ్చేదాకా డీలరుని వదిలేది లేదు, వచ్చాక కూడా ఆయన దగ్గర మౌస్ ప్యాడ్ కొనను. జీవన్ ప్రమాణ్ ప్రస్తుతానికి ఫోన్ కెమెరాకి ముఖం చూపించి చేయిస్తున్నాం. వేళ్ల గీతలు అరిగిన పెద్దవాళ్లకి అదే నయం. ఆధార్ నంబరు, పీపీవో నంబరు, ఓటీపీ వచ్చే ఫోను తెచ్చుకోండి. పని మధ్యలో ఆగిపోయి ప్రింటవుట్ అందనివాళ్లకి ఉచితంగా తీసిస్తాం. నవంబరు 30 దాకా ఆదివారాలు కూడా తెరిచే ఉంటుంది.