మట్టెవాడ పాత ఇంటి తరఫున సారుకు కృతజ్ఞతలు

వరంగల్ మట్టెవాడలోని మా పాత ఇంటిని పడగొట్టకుండా నిలబెట్టిన ఆర్కిటెక్చర్ సారు ఇలాంటి రాతలు చదవరు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు మాత్రం ఇక్కడ చాలామంది ఉన్నారు, వాళ్ళలో ఎవరైనా ఆయనకు ఇది చదివి వినిపిస్తే చాలు. పేరు రాయొద్దని గట్టిగా చెప్పారు కాబట్టి రాయడం లేదు. వరంగల్, హనుమకొండలలో ఆర్కిటెక్చర్ మొహం చూసినవాళ్ళకు ఎవరో ఎలాగూ తెలిసిపోతుంది.

మా ఇల్లు తాత కట్టించింది. రాతి పునాది, మట్టి గోడలు, టేకు దూలాలు, పైన పెంకులు. 2023 జులైలో ఊరు మునిగినప్పుడు వీధి వైపు గోడ నానింది. అప్పుడు వచ్చిన పనివాళ్ళు నడుము ఎత్తు దాకా సిమెంటు పూసి వెళ్ళిపోయారు. ఆ తర్వాత గోడ అడుగున పెచ్చులు ఊడటం, చెమ్మ పైపైకి ఎక్కడం, ఒక దూలం గోడ దగ్గర కిందికి దిగడం మొదలైంది. చూసిన ప్రతి కాంట్రాక్టరూ ఒకటే మాట, పడగొట్టి స్లాబ్ వేసుకోండి అని. అమ్మదీ ఒకటే మాట: "నేను పోయినంక ఏమన్న చేసుకోండ్రి." మధ్యలో నాకు టెన్షన్.

పక్కింటి అమ్మాయి ఆర్కిటెక్చర్ చదువుతోంది. తనే సారును తీసుకొచ్చింది. ఆయన వచ్చి మేం చూపిస్తున్న పగులు వైపు చూడనే లేదు. గడప దాటి వీధిలోకి వెళ్ళి, రోడ్డు ఎత్తు ఎంత, మా అరుగు ఎత్తు ఎంత అని టేపుతో కొలిపించారు. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే సీసీ, మళ్ళీ దాని మీదే సీసీ వేసుకుంటూ పోతే ఏమవుతుందో మన ఊళ్ళో పాత బజార్లలో ఉన్నవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ఒకప్పుడు మెట్లెక్కి వచ్చే ఇంట్లోకి ఇప్పుడు దిగి వస్తున్నాం. సారు అమ్మతో అన్నారు: "ఇల్లు కుంగలేదక్కా, బజారు లేసింది." అమ్మకు ఆ ఒక్క మాటతో ఆయన మీద నమ్మకం కుదిరింది. ఆ రోజు నుంచి "తమ్మీ, చాయ్ తాగినవా" తప్ప ఇంకో మాట లేదు.

అసలు సంగతి ఇది. నేల నుంచి మట్టి గోడలోకి చెమ్మ ఎక్కడం మామూలే. సున్నం పూత ఉంటే ఆ తడి గోడలోంచే బయటికి ఆరిపోతుంది. సిమెంటు పూస్తే దారి మూసుకుంటుంది, లోపల మట్టి మెత్తబడుతుంది, ఉప్పు పేరుకుని పెచ్చులు ఊడతాయి. గోడలో దిగి ఉన్న దూలం కొన కూడా ఆ తడికే పుచ్చింది. అందరూ చెదలు అన్నారు. సారు ఇనుప చువ్వతో పొడిచి చూసి, చెద కాదు తడి అని తేల్చారు.

పని జరుగుతున్నన్నాళ్ళూ సాయంత్రాలు మా అరుగు మీద కూర్చునేవారు. ఆయన కథ ముక్కలు ముక్కలుగా అప్పుడే విన్నాను. కాజీపేట రైల్వే క్వార్టర్లలో పెరిగారు. బొమ్మలు బాగా వేస్తావు కదా అని ఎవరో అంటే హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్ కాలేజీలో చేరారు. అయిదేళ్ళ చదువు. టీ-స్క్వేర్, ట్రేసింగ్ పేపర్, తప్పు పడితే బ్లేడుతో గీకి చెరపడం, అమోనియా వాసన వేసే ప్రింట్లు. కొన్నాళ్ళు అక్కడే ఒక ఆఫీసులో చేసి, హనుమకొండలో సొంతంగా బోర్డు పెట్టారు. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ అయితేనే ఆర్కిటెక్ట్ అని బోర్డు పెట్టుకోవాలి. ఆ బోర్డు చూసి లోపలికి వచ్చినవాళ్ళు అడిగేది మాత్రం "పర్మిషన్ ప్లాన్‌కు ఎంత తీసుకుంటరు?" అని. ఇళ్ళు కట్టించారు, బళ్ళు కట్టించారు. ఒక ఫంక్షన్ హాలు కూడా కట్టించారు, దాని ముందు నుంచి పోవాల్సి వస్తే ఇప్పటికీ అవతలి వైపు చూస్తారట.

పాఠాల్లోకి ఎందుకు వెళ్ళారని అడిగితే నవ్వారు. సైట్‌లో మేస్త్రీ ఎందుకు సార్ అని అడిగితే, ఎందుకో చెప్పడం మొదలుపెట్టేవారట. ఆయన చెబుతుంటే పని ఆగేది, పని ఆగితే ఓనరుకు కోపం వచ్చేది. "కాలేజీ వాళ్ళేమో గదే పనికి జీతం ఇస్తమన్నరు" అన్నారు. మొదట సాయంత్రాలు డ్రాఫ్ట్స్‌మన్ పని నేర్చుకునే పిల్లలకు, తర్వాత హైదరాబాద్‌లో పూర్తికాలం. ఆఫీసు మూసేశారు. చుట్టాల్లో, ప్రాక్టీస్ నడవక పంతులైండు అన్న మాట చాలా ఏళ్ళు నడిచిందట. అలా అన్నవాళ్ళకు ఆయన ఆర్కిటెక్ట్ బాలకృష్ణ దోశీ సంగతి చెప్పేవారు. దోశీ పారిస్‌లో చండీగఢ్ ప్లాన్ గీసిన లె కార్బూజియే దగ్గర పనిచేసి వచ్చి, 1962లో అహ్మదాబాద్‌లో ఆర్కిటెక్చర్ స్కూలు మొదలుపెట్టారు, అటు కడుతూ ఇటు చెబుతూ బతికారు, 2018లో ఆర్కిటెక్చర్‌లో అన్నిటికన్నా పెద్దదనుకునే ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్న మొదటి భారతీయుడయ్యారు. హైదరాబాద్ ఈసీఐఎల్ కాలనీ దోశీ డిజైనే అని సారు తన విద్యార్థుల్ని అక్కడికి తీసుకెళ్ళేవారు. "ఆయనతో నాకు పోలికేంది. చుట్టాలకు చెప్పనీకె ఒక పెద్ద పేరు కావాలె గద" అన్నారు.

నన్నడిగితే ఆయన ప్రాక్టీస్ ఆగలేదు, చేతులు మారింది. మా ఇల్లు కొలవడానికి సారు పంపిన విద్యార్థుల్ని చూశాక ఈ మాట అంటున్నాను. వాళ్ళను ముందు ఖిలా వరంగల్ తీసుకెళ్ళారట. కీర్తితోరణం దగ్గర నిలబెట్టి, పైనున్న రాయి బరువు ఎటు పోతోందో చూపించమన్నారు. రెండు వైపులా నిలువు స్తంభాలు, వాటి మీద అడ్డంగా రాయి. బరువు నేరుగా కిందికి. అక్కడి నుంచి ఖుష్‌మహల్ అనే పాత దర్బారు భవనానికి నడిపించి మళ్ళీ అదే ప్రశ్న. అక్కడ కమాన్లు, బరువు పక్కలకు తోస్తుంది, అందుకే గోడలు అంత మందం. రామప్పకు వెళ్తే కూడా శిల్పాల దగ్గరికి ముందు పోనివ్వరట. 1213 నాటి గుడి, కింద ఇసుక పునాది, ఎగుడుదిగుడైన నేల, అయినా ఎలా నిలబడిందో చెప్పాకే మదనికలనే ఆ నాట్య శిల్పాల దగ్గరికి. అదే ప్రశ్నతో మా ఇంటికొచ్చిన పిల్లలు ప్రతి దూలాన్నీ, ప్రతి వాసాన్నీ కొలిచి గీశారు. తాత కట్టించిన ఇంటికి ఇన్నేళ్ళకు ఒక డ్రాయింగ్ వచ్చింది. అటక వెనక ఒక గూడు ఉందని మాకే తెలియదు, డ్రాయింగ్‌లో కనపడింది!

పని సంగతి చెప్పాలంటే పేజీలు పడుతుంది. దూలం కింద సెంట్రింగ్ కర్రలు నిలబెట్టి, పుచ్చిన కొన కోసి, పాత టేకు ముక్కతోనే అతుకు వేశారు. దాని కింద గ్రానైట్ దిమ్మె పెట్టారు. సిమెంటు పూత మొత్తం చెక్కేసి డంగు సున్నం, అంటే ఇసుకతో కలిపి గానుగలో నూరిన సున్నం పూయించారు, కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపి. గోడ వెంట కందకం తవ్వి కంకర నింపి, నీళ్ళు కాలువలోకి పోయేలా వాలు ఇచ్చారు. సారు గట్టిగా పట్టుబట్టింది ఈ కందకం గురించే. సున్నం సంగతి తర్వాత, ముందు నీళ్ళు అన్నారు. ఈసారి వానలకు ఆ గోడ పొడిగా ఉంది.

ఫీజు సంగతి ఎత్తితే, పిల్లలకు క్లాస్ అయింది, నేనే మీకు ఇవ్వాలి అన్నారు. ఇది మాత్రం నాకు నచ్చలేదు, ఆయన ముందే చెప్పాను. చివరికి పిల్లల ప్రయాణం, భోజనం ఖర్చులు మేం పెట్టుకోవడానికి ఒప్పుకున్నారు.

సున్నం పని తెలిసిన మేస్త్రీకి, ఆయన భార్యకు కృతజ్ఞతలు. గోడను చేత్తో తడిమి తడి చెప్పేది ఆవిడే. అతుకు కనపడకుండా చేసిన వడ్లాయనకు, దించిన పెంకులన్నీ తమ దాబా మీద పెట్టుకోనిచ్చిన ఎదురింటివాళ్ళకు, అడగ్గానే కాలువ పూడిక తీసిన కార్పొరేషన్ కార్మికులకు కూడా. పక్కింటి అమ్మాయికి అమ్మ ఇప్పటికే సకినాలు కట్టి ఇచ్చింది, నేను వేరే చెప్పేదేమీ లేదు.

సారు నంబర్ మాత్రం అడగకండి, ఇవ్వొద్దన్నారు. ఇలాంటి ఇల్లు ఉండి, పడగొట్టాలా ఉంచాలా అన్న ఆలోచనలో ఉన్నవాళ్ళు మా ఇల్లు వచ్చి చూసుకోవచ్చు, డ్రాయింగులు కూడా ఇక్కడే ఉన్నాయి. వెనక గదికి సున్నం ఇంకా నడుస్తోంది. మంచి బట్టలతో రాకండి.