దేవుడి గూడు లేని ఇంట్లో వెలితి

సంపాదకుడిగారికి,

మతం లేనివాళ్లలోనూ ఆధ్యాత్మిక తపన ఉంటుందని మనస్తత్వ శాస్త్రజ్ఞులు చెబుతున్నట్టు మీ ఆదివారం అనుబంధంలో చదివాక మా ఇంటి సంగతి రాయాలనిపించింది.

మా నాయిన తెలంగాణ సాయుధ పోరాటం రోజుల్లో, పదిహేనేళ్లయినా నిండకముందే, కమ్యూనిస్టుల సంగంలో తిరిగిన మనిషి. మా ఇంట్లో దేవుడి గూడు లేదు. అలాంటి ఇళ్లు నల్లగొండ జిల్లాలో ఒకటీ రెండూ కాదు. అయినా ఆయన నన్ను తరచూ పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకెళ్లేవాడు. లింగం మీద పగలంతా కదలకుండా నిలిచే ఆ నీడను చూపించి, స్తంభాల మధ్య నుంచి వెలుతురు ఎలా పడుతుందో వివరించేవాడు. చెప్పడం అయిపోయాక కూడా చాలాసేపు అక్కడే నిలబడేవాడు. ఎందుకని అడిగితే "ఊకెనే" అనేవాడు. దొంగచాటు భక్తుడని తేల్చేయకండి, ఒక్కసారీ చెయ్యెత్తి మొక్కలేదు.

మనస్తత్వ శాస్త్రజ్ఞులు డాకర్ కెల్ట్‌నర్, జొనాథన్ హైట్ 2003లో ఇలాంటి అబ్బురం గురించి రాశారు. మనకన్నా ఎంతో పెద్దది ఎదురై, మనసులో ఉన్న కొలతలు దానికి చాలనప్పుడు కలిగేది అదేనట. అందులో దేవుడు ఉండి తీరాలన్న షరతు లేదు.

2023లో ప్యూ అనే అమెరికా పరిశోధన సంస్థ సర్వేలో అమెరికా పెద్దల్లో 22 శాతం మంది మతం అంతగా పట్టకపోయినా ఆధ్యాత్మికత తమకుందనేవాళ్లే. ఆ ప్రశ్నలనే తెలుగు చేసి మా నాయినకిస్తే 'ఆధ్యాత్మిక' అన్న మాట దగ్గరే కాగితం వెనక్కి ఇచ్చేసేవాడు. ఆ మాటలోనే ఆత్మ ఉందాయె! వెలితి అనో, మనసు నెమ్మది అనో అడిగితే మాట్లాడేవాడేమో.

ఆయన పోయినప్పుడు ఎర్రజెండా కప్పి సాగనంపాం. మూడో రోజు పిట్టకు మెతుకులు పెట్టే పిట్టముట్టుడు, దశదిన కర్మ ఏవీ వద్దన్నది ఆయన కోరికే. కానీ మూడో రోజు పొద్దున ఏం చేయాలో తోచక అందరం ఊరికే కూర్చున్నాం. అమ్మ ఆయనకిష్టమైన పచ్చిపులుసు చేసి, ఎవరికి పెట్టాలో తెలియక గిన్నె మీద మూత పెట్టేసింది. చుట్టాలు ఇప్పటికైనా గుడికి పొమ్మన్నారు. పార్టీవాళ్లు సంతాప సభ పెట్టి ధైర్యంగా ఉండమన్నారు. ఆ గిన్నె సంగతి ఇద్దరికీ పట్టలేదు.

మతం వదిలేసినవాళ్లలో దాని ఆనవాళ్లు చాలాకాలం మిగులుతాయని మనస్తత్వ శాస్త్రజ్ఞుడు డారిల్ వాన్ టాంగరెన్ బృందం అమెరికా, నెదర్లాండ్స్, న్యూజిలాండ్, హాంకాంగ్‌లలో గమనించింది. మా అన్నదమ్ములకైతే వదిలేయడానికి అసలు మతమే లేదు. మరి మాకీ వెలితి ఎక్కడ అంటుకుంది? పక్కింటి బోనాల నుంచా, పీర్ల పండుగ నుంచా, నాయిన నిలబడ్డ ఆ నీడ దగ్గర నుంచా?

ఇది మన మహాత్మాగాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాలు ఎత్తుకోవాల్సిన ప్రశ్న. సంగం చూసిన తరం దాదాపు వెళ్లిపోయింది. వాళ్ల పిల్లలం ఉన్నాం, మాకూ అరవై దాటాయి. పరిశోధక విద్యార్థులు ఫారాలు పంచి వెళ్లిపోకుండా, మా ఊళ్లకొచ్చి ఓ పూట కూర్చుని అడగాలి.

– విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్లగొండ