మెరిసింది రక్తంలోనా, బఫర్‌లోనా?

సంపాదకులకు,

చుక్క రక్తంలో ఒక రసాయనం కలిపితే చాలు, అది వెలిగే తీరును బట్టి జబ్బు తెలిసిపోతుందని తరచూ వార్తలు వస్తున్నాయి. ఇలా వెతికే పదార్థాన్ని పట్టుకుని వెలిగే ఫ్లోరసెంట్ సెన్సర్ల మీద మాకూ గట్టి నమ్మకమే ఉంది. కానీ ఆ సెన్సర్‌ను పరీక్షించింది ఆమ్లత మారకుండా తయారుచేసిన శుభ్రమైన బఫర్ ద్రావణంలోనా, అసలు రక్తంలోనా అన్నది వార్తలో ఎక్కడా కనిపించదు. తేడా అంతా అక్కడే ఉంది.

రక్తంలో ఉండే హోమోసిస్టీన్ అనే అమైనో ఆమ్లం సంగతే చూడండి. ఆరోగ్యవంతుల ప్లాస్మాలో (కణాలు తీసేసిన రక్తద్రవంలో) అది లీటరుకు 5 నుంచి 15 మైక్రోమోళ్లు. ఇంచుమించు అదే నిర్మాణమున్న సిస్టీన్ 200కు పైమాటే. రెండింటిలోనూ ఉండే థయాల్‌ను (గంధకం, హైడ్రోజన్ కలిసిన గుంపును) పట్టుకుని వెలిగే సెన్సర్‌కు ముందు దొరికేది సిస్టీనే. పైగా హోమోసిస్టీన్‌లో ఎక్కువ భాగం రెండు గంధకపు పరమాణువుల మధ్య ఉండే డైసల్ఫైడ్ బంధంతో ప్రోటీన్లను అంటిపెట్టుకుని ఉంటుంది, విడదీస్తే తప్ప సెన్సర్‌కు అందదు. విడదీయడానికి డీటీటీ అనే రసాయనం వాడితే అదీ థయాలే కాబట్టి సెన్సర్‌ను తానే వెలిగిస్తుంది. థయాల్ లేని టీసెప్ అనే రసాయనం నయం. అయితే మాలిమైడ్ అనే రసాయన గుంపుతో థయాల్‌ను పట్టుకునే సెన్సర్లతో అదీ చర్య జరుపుతుంది. అందుకే ప్లాస్మా లేకుండా సెన్సర్, టీసెప్ మాత్రమే కలిపి ముందుగా చూసుకోవాలి.

రక్తం తీసేటప్పుడే చాలా ఫలితాలు చెడిపోతాయి. సిరంజిని బలంగా లాగినా, ట్యూబును గట్టిగా కుదిపినా ఎర్రకణాలు పగులుతాయి. వాటిలో మిల్లీమోళ్ల స్థాయిలో ఉండే గ్లుటాథయోన్ అనే మరో థయాల్ ప్లాస్మాలోకి వచ్చి లెక్క పెంచుతుంది. హిమోగ్లోబిన్ 415 నానోమీటర్ల దగ్గర కాంతిని మింగి, ఆ ప్రాంతంలో పనిచేసే సెన్సర్ లెక్క తగ్గిస్తుంది. ప్లాస్మా గులాబీ రంగుకు తిరిగితే పారబోయడమే. కణాలు పగలకపోయినా వేరుచేయడం ఆలస్యమైతే వాటినుంచి హోమోసిస్టీన్ బయటికి వస్తూనే ఉంటుంది. ట్యూబును ఐసులో ఉంచి గంటలోపు సెంట్రిఫ్యూజ్‌లో వేగంగా తిప్పి ప్లాస్మాను వేరుచేయాలి. ఇక కాల్షియం, జింక్ సెన్సర్లకు రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ వేసిన ట్యూబు అసలు పనికిరాదు, ఆ అయాన్లను ముందే పట్టేసుకుంటుంది.

అల్బుమిన్‌తో మరో చిక్కు. లీటరుకు 35 నుంచి 50 గ్రాములుండే ఈ ప్రోటీన్ నీటిని ఇష్టపడని సెన్సర్ రంగులను తనలో ఇముడ్చుకుంటుంది. వెతికే పదార్థం లేకపోయినా అవి వెలుగుతాయి.

బఫర్‌లో గీసిన ప్రామాణిక రేఖతో (తెలిసిన మోతాదుకు ఎంత వెలుగో చూపే గీతతో) ప్లాస్మాను కొలవకూడదు. అదే ప్లాస్మాను నాలుగు భాగాలు చేసి, ఒకదాన్ని అలాగే ఉంచి, మిగతావాటికి లీటరుకు 5, 10, 20 మైక్రోమోళ్లు పెరిగేలా హోమోసిస్టీన్ కలిపి చూడాలి. 10 పెంచినచోట 6 మాత్రమే పెరిగితే ఏదో అణిచేస్తున్నట్టే. కలిపినదాంట్లో కొలతకు దొరికిన వంతు, అంటే ఈ రికవరీ, ఎంత వచ్చిందో పరిశోధకులను అడిగి, ఆ అంకెను కూడా వార్తలో అచ్చువేయమని మనవి.

ఇట్లు,
జీవరసాయన పరీక్షల రంగంలోని పాఠకులు