నాలుగో రౌండ్ సంగతి

చిట్టితల్లీ,

ఇక్కడ అందరం కులాసా. మామ్మకి మోకాళ్ల నొప్పులు కాస్త తగ్గాయి. బోరు మోటారు మళ్లీ కాలింది, అది మామూలే. కందిపొడి, గోంగూర పచ్చడి సుబ్బు మావయ్య చేతికిచ్చి పంపాను, ముట్టాయా? తడి చెంచా పెట్టకు. ఫోన్ ఎత్తడం లేదు, పరీక్షల టెన్షన్ ఏమోలే అనుకున్నాం.

మావయ్య ఇంకో మాట కూడా అన్నాడు. చెస్ టోర్నీలో మూడో రౌండ్ ఓడాక నువ్వు నాలుగో రౌండ్‌కి హాల్లోకే వెళ్లలేదట. అడగడానికి రాయడం లేదులే.

మొన్న బీరువా సర్దుతుంటే నువ్వు ఎత్తులు రాసుకున్న పాత స్కోర్ షీట్ దొరికింది. ఏడో తరగతిలో బెజవాడ టోర్నీది. ఇటాలియన్ ఓపెనింగ్, నీవి నల్లపావులు. తెల్లగుర్రం జీ5 గడికి రాగానే డీ5కి బంటు తోశావు, అంతవరకు భేష్. ఎదుటి అబ్బాయి ఆ బంటును కొడితే నీ గుర్రం ఏ5కి వెళ్లాలి కదా? ఇంకో గుర్రంతో తిరిగి కొట్టేశావు! ఎఫ్7లో అతని గుర్రం దూకింది. మంత్రికీ ఏనుగుకీ ఒకేసారి గురి. రాజుతో కొట్టక తప్పలేదు. ఎఫ్3 నుంచి మంత్రి చెక్, నీ రాజు ఈ6కి. ఎనిమిదో ఎత్తు రాకుండానే రాజు నడిబజారులో! నేను కిటికీ బయట. నీ చెప్పు బల్ల కింద ఎక్కడికో జారిపోయింది, వట్టికాలు గచ్చుకేసి రుద్దుతున్నావు. అయినా రెండో గుర్రాన్ని బీ4కి తెచ్చి డీ5లోని గుర్రాన్ని కాపాడావు. చాలాసేపు లాగావు. ఓడి బయటికొచ్చి మిరపకాయ బజ్జీ కావాలన్నావు. తర్వాతి రౌండ్‌కి ముందే వెళ్లి కుర్చీలో కూర్చున్నావు, అదీ సంగతి.

మన కోనేరు హంపిని చూడు. 2024 డిసెంబర్లో న్యూయార్క్‌లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ చెస్ పోటీ, అదే తక్కువ టైమ్ ఆటలది, మొదటి రౌండే పోయింది. చివరికి 11 రౌండ్లకు 8.5 పాయింట్లతో టైటిల్ కొట్టింది. క్లాసు పీకుతున్నానా? పీకుతాను, నాన్నని కదా. ఓడితే రేటింగే తగ్గుతుంది. వెళ్లకపోతే ఎదురు చూసే పిల్ల బోర్డు ముందు ఒక్కతే కూర్చోవాలి, అది మర్యాద కాదు.

టేబుల్ ఫ్యాన్‌కి డబ్బులు ఫోన్‌పే చేశాను, వాటితో ఇంకేవో కొనకు. ఉదయం రౌండ్ ఉంటే ఖాళీ కడుపుతో వెళ్లకు, రెండు ఇడ్లీలైనా తిను. ఆ మూడో గేమ్ షీట్ ఫొటో తీసి పెట్టు. తెల్లపావులా, నల్లవా?

నాన్న