లాట్కెలకు సన్న మంట పనికిరాదు

సంపాదకులకు నమస్కారం.

యూదుల హనుక్కా పండగ వంటల మీద మీరు వేసిన వ్యాసంలో, లాట్కెలు, అంటే బంగాళాదుంప తురుముతో నూనెలో వేయించే చిన్న అట్లు, తక్కువ నూనె పీల్చాలంటే సన్న మంట మీద వేయించమన్నారు. అలా చేస్తే నూనె ఇంకా ఎక్కువ పడుతుంది.

లెక్క చూడండి. అరకిలో బంగాళాదుంపల్లో సుమారు 385 కేలరీలు, పెద్ద గుడ్డులో 70, వంద గ్రాముల ఉల్లిపాయలో 40, ముప్పై గ్రాముల మాత్సా (యూదుల పులియని రొట్టె) పొడిలో 110. మొత్తం 605. పన్నెండు లాట్కెలు చేస్తే ఒక్కోదానికి 50. ఒక్కోటి చిన్న చెంచాడు నూనె పీల్చిందంటే ఇంకో 40 కలుస్తాయి, రెండు చెంచాలైతే 80. అప్పుడు దుంప కంటే నూనెదే పైచేయి.

నూనెను అదుపులో పెట్టాలంటే తురుములో నీరు తీసేయాలి, వేడి తగ్గకుండా చూడాలి. తురుమును పలుచని బట్టలో మూటకట్టి గట్టిగా పిండాలి. కొంత పొటాషియం, విటమిన్ సి ఆ నీటితో పోతాయి, నిజమే. ఆ నీటిని పది నిమిషాలు కదపకుండా ఉంచి పైది వంపేస్తే అడుగున తెల్లటి గంజిపొడి మిగులుతుంది. దాన్ని తురుములో కలిపితే అది పట్టి ఉంచుతుంది, మాత్సా పొడి తక్కువ సరిపోతుంది. ఉప్పు మాత్రం సరిగ్గా వేయించబోయేటప్పుడే వేయాలి. చాలా ముందుగా వేస్తే మళ్లీ నీరు ఊరుతుంది.

నూనె 175 నుంచి 190 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. థర్మామీటరు లేకపోతే ఒక తురుము పోగు వేసి చూడండి, వెంటనే నురగ రావాలి. పెనం నిండా పేరిస్తే వేడి పడిపోతుంది, పైపొర గట్టిపడదు, లాట్కెలు మెత్తబడి నూనె మింగుతాయి. ఇంకో మాట: నూనె ఎక్కువగా లోపలికి పోయేది బయటికి తీశాక, చల్లారేటప్పుడు. అందుకే తీసిన వెంటనే రెండు వైపులా కాగితంతో అద్ది, జాలీ మీద పెట్టాలి.

బంగారు రంగుకే ఆపండి. ముదురు గోధుమ రంగు వచ్చేకొద్దీ ఆక్రిలమైడ్ అనే, హాని చేయగల రసాయనం పెరుగుతుంది. ఫ్రిజ్‌లో ఉంచిన దుంపల్లో చక్కెరలు పెరిగి అవి త్వరగా నల్లబడతాయి.

తూర్పు ఐరోపా యూదులు వాడిన ష్మాల్ట్స్, అంటే కరిగించిన కోడి లేదా బాతు కొవ్వు, కేలరీల్లో నూనెకు దగ్గరే. సంతృప్త కొవ్వు మాత్రం దాదాపు 30 శాతం. పొద్దుతిరుగుడు నూనెలో అది 11 శాతం దగ్గరుంటుంది. ష్మాల్ట్స్‌లో వేయించినవాటికి పుల్లటి మీగడ జోడించడం యూదుల ఆహార నియమమైన కోషర్‌కు విరుద్ధం, అందులో మాంసం, పాలు కలవకూడదు. చక్కెర లేని ఆపిల్ గుజ్జు దేనితోనైనా సరిపోతుంది. వంద గ్రాములకు 42 కేలరీలే, మీగడకైతే 190 దాటుతాయి.

ఆ సన్న మంట సలహాను వచ్చే సంచికలో సరిదిద్దగలరు.

— ఒక పాఠకురాలు